పల్లెకును విశ్వవిద్యాలయమునకును నడుమ ఒక జీవనోపాధి

పాత మహబూబునగరు జిల్లా పరిశోధకులకు క్రొత్త నేల కాదు. అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ తిరిగి, వారి జీవితమును గూర్చి 1943లో లండనునుండి ఉద్గ్రంథమును ప్రకటించిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మొదలుకొని, 1975లో దోకూరునందును ఔరేపల్లెయందును మకాము పెట్టించి కుటుంబముల జమాఖర్చులను ఏండ్ల తరబడి వ్రాయించిన ఇక్రిశాట్ సంస్థవారి వరకును, ఈ కరవుసీమకు వచ్చినవారెందరో, ఇక్కడి బీదతనమును కొలిచినవారెందరో, ఆ కొలతలతో దేశాంతరములలో కీర్తి గడించినవారెందరో కలరు. ఆ గ్రంథములలో పల్లె ఉన్నది. పల్లెవాని చేతికి మాత్రము ఆ గ్రంథములు రాలేదు. నేటికిని నాగర్‌కర్నూలు వైపు ఏ రచ్చబండ కడకైనను కాగితములు పట్టుకొని పోయినచో, "వస్తరు, అడుగుతరు, రాసుకపోతరు, మల్ల మొకం సూపరు" అను మాట వినబడక మానదు. ఆ మాటలో నిష్ఠూరము ఉన్నది, న్యాయము కూడ ఉన్నది.

2016 అక్టోబరు 11వ తేదీన ఆ పెద్దజిల్లానుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడిన తరువాత, ఈ మూడు పట్టణముల గ్రంథాలయములలో పోటీపరీక్షల పుస్తకముల ముందు ఉదయమునుండి దీపాలవేళ దాక కూర్చుండు యువతీయువకుల సంఖ్య పెరిగినదే గాని తరుగలేదు. గ్రూప్-2 గాని, డీఎస్సీ గాని కోరుకొనుట తప్పని నేననను. అయితే ఆ కూర్చున్నవారిలో కొందరికి, ముఖ్యముగా ఎదుటివాడు చెప్పినదానిని ఓపికతో విని పొల్లుపోకుండ వ్రాయగల నేర్పు గలవారికి, తమ యూరి పొలిమేరలోనే మొదలై హైదరాబాదు మీదుగా లోకమంతట వ్యాపించిన వేరొక వృత్తి కలదని చెప్పువారు మిక్కిలి అరుదుగా ఉన్నారు. విశ్వవిద్యాలయములును, స్వచ్ఛంద సంస్థలును, లాభమునకంటె ప్రజోపయోగమును ముందుంచుకొని వ్యాపారము చేయు సామాజిక సంస్థలును కలసి పరిశోధన సాగించునప్పుడు, ఆ రెండు పక్షముల నడుమ నిలిచి ఒకరి మాట మరొకరికి అందించు వృత్తి అది.

ఆచార్యునికి పద్ధతి తెలియును. ఏ ప్రశ్నను ఎందరిని అడుగవలెనో, వచ్చిన జవాబులలో దేనిని నమ్మవలెనో, దేనిని త్రోసివేయవలెనో అతని విద్య నేర్పును. స్వచ్ఛంద సంస్థకు ఊరు తెలియును; ఎవరి యింటి గడప దొక్కిన ఎవరు అలుగుదురో, ఏ మాసమున ఎవరు వలసపోవుదురో దాని కార్యకర్తకు కరతలామలకము. మొదటివానికి జనుల విశ్వాసము లేదు, రెండవవానికి లెక్కను నిలబెట్టు శాస్త్రము లేదు. ఈ రెండును ఒకచోట కూడినప్పుడు ఏమి జరుగునో చూడగోరువారు దూరము పోనక్కరలేదు. నాగర్‌కర్నూలు మండలములోని తూడుకుర్తికి పోయిన చాలును.

గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ లాభాపేక్ష లేనిది. తొంబదుల దశకమున ఆ సంస్థకు ఒక సందేహము కలిగెను. ఆసుపత్రికి వచ్చిన రోగి కనబడును గాని, రానివాడు కనబడడు; మరి ఆంధ్రదేశమున చూపు లేనివారు నిజముగా ఎందరు? ఈ సందేహమును తీర్చుకొనుటకు 1996 నుండి 2000 వరకు హైదరాబాదు నగరమున ఒకచోటను, పశ్చిమ గోదావరిలో తణుకు ప్రాంతమునను, ఆదిలాబాదులో ముధోల్ ప్రాంతమునను, మహబూబునగరులో తూడుకుర్తి ప్రాంతమునను కలిపి 10,293 మందిని పరీక్షించిరి. వారిలో 7,771 మంది పల్లెవారు. నూటికి ఇంచుమించు ఇద్దరికి అంధత్వము కలదనియు, అందులో నూటికి అరువది పాళ్ళు శుక్లముల చేతను, కేవలము అద్దములు లేని కారణము చేతను కలిగినదేననియు ఆ పరిశోధన తేల్చెను. అనగా, అంధులుగా తేలిన పదిమందిలో ఆరుగురు చిన్న శస్త్రచికిత్సతోనో, కండ్లజోడుతోనో చూపు పొందదగినవారు. ఈ వాక్యము విలువ ఎంతయో ఆలోచింపుడు. పదునైన కొలత లేనిదే ఆ ఆరుగురు కనబడియుండరు. ఊరివారు తలుపు తీయనిదే ఆ కొలత సాధ్యమై యుండదు.

అంతటితో ఆ కథ ముగియలేదు. పదునైదేండ్లు గడచిన పిమ్మట, 2012 నుండి 2016 వరకు, ఆ పల్లెజనులనే మరల వెదకికొని పోయిరి. కొందరు గతించిరి, కొందరు బొంబాయికో, పూనాకో మట్టిపనులకు పోయి అక్కడనే నిలిచిపోయిరి, అయినను 5,395 మందిని తిరిగి పట్టుకొని వారి కండ్లను పరీక్షింపగలిగిరి. ఈ ప్రయత్నములలో ఆస్ట్రేలియా దేశపు విశ్వవిద్యాలయముల పండితులు పాలుపంచుకొనిరి. కాని పదునైదేండ్ల క్రిందట ఈ యింటిలో నున్న ఎల్లమ్మ ఏ కోడలి యింటికి పోయినదో, ఒకే పేరు గల మువ్వురిలో నాడు పరీక్షింపబడినది ఎవరో సిడ్నీలోని ఆచార్యుడు చెప్పజాలడు. అది చెప్పగలవాడు ఆ యూరి పిల్లవాడు. తూడుకుర్తిలో నేడు ఆ సంస్థ వారి నేత్రచికిత్సాలయము కూడ కలదు. ఏబదివేల జనాభాకు ఒకటి చొప్పున నెలకొల్పదలచిన చిన్న దృష్టికేంద్రములలో పనిచేయు విజన్ టెక్నీషియన్లు ఇంటర్మీడియట్ చదివి, ఆ సంస్థలోనే ఒక యేడు శిక్షణ పొందిన పల్లెయువకులు, యువతులు. పరిశోధనకు వచ్చినవారు ఊరికి ఏమిచ్చిరి అని అడుగువారికి నేను మొదట చూపునది ఈ నిదర్శనమునే.

ఇక్రిశాట్ వారి దోకూరు పరిశోధనయందు మనము గమనింపదగినది మరొకటి ఉన్నది. వారు ప్రశ్నపత్రములతో ఉదయము వచ్చి సాయంకాలము పోయినవారు కారు. గ్రామీణ నేపథ్యము గల పట్టభద్రులను ఎంచి, వారిని ఆ యూరిలోనే కాపురముంచి, మూడు నాలుగు వారముల కొకమారు అవే కుటుంబములను కలిసికొని, ఎంత కూలి వచ్చినది, ఏ అప్పు తీరినది, ఏ గొడ్డు అమ్ముడుపోయినది అని వ్రాయించిరి. 1990లో వాకర్, రయాన్ అను ఇరువురు ఆర్థికవేత్తలు ప్రకటించిన ప్రసిద్ధగ్రంథము ఆ వ్రాతలపైననే నిలిచినది. అట్టపై వారి పేర్లే ఉన్నవి. ఊరిలో కాపురమున్న ఆ పట్టభద్రుల పనినే నేడు ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు ఉద్యోగమందురు, ఈ వృత్తికి మొదటి మెట్టు అదియే.

నడిగడ్డకు వత్తము. కృష్ణా తుంగభద్రల నడుమ గల గద్వాల సీమ సీడ్ పత్తికి పెట్టినది పేరు. సంకరవిత్తనము పండించుటకు సాయంకాలము ఆడమొక్కల మొగ్గలను ఒక్కొక్కటిగా ఒలిచి, పుప్పొడి భాగమును గిల్లివేయవలెను. మరునాటి ఉదయము మగపూవును తెచ్చి దానిపై రుద్దవలెను. ఎండ ముదురకమునుపే ఈ పని తీరవలెను. పూత నడచినన్నాళ్ళు, అనగా వానకాలమునుండి చలికాలము మొదటిదాక, ఒక్కనాడైనను ఆగరాదు. చిన్న వ్రేళ్ళకు ఈ పని సులువనియు, వంగనవసరము లేని ఎత్తు పిల్లలదే ననియు సాకులు చెప్పి బడియీడు బిడ్డలను, విశేషించి ఆడపిల్లలను, చేలకు దింపిరి. ఆర్గనైజరు విత్తనకంపెనీకిని రైతునకును మధ్యవర్తి. బయానా అతడిచ్చును, ధర కంపెనీ నిర్ణయించును, పిల్లను పనికి పంపిన నింద మాత్రము తల్లిదండ్రుల నెత్తిన పడును. ఈ గొలుసును కంపెనీ దాక లాగి చూపినది పరిశోధన. దావులూరి వెంకటేశ్వర్లుగారు 2000 సంవత్సరము తరువాత వరుసగా చేసిన అధ్యయనములను నెదర్లాండ్సు మొదలగు దేశముల పౌరసంస్థలు ప్రకటించి, బహుళజాతి విత్తనకంపెనీలను సమాధానము చెప్పుకొను స్థితికి తెచ్చినవి.

అదే అంశమును మరియొక కోణమునుండి చూచినది 'యంగ్ లైవ్స్' అను దీర్ఘకాల పరిశోధన. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము నడుపుచున్న ఈ కార్యమున హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన సంస్థ, తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, సేవ్ ది చిల్డ్రన్ అను ధర్మసంస్థ భాగస్వాములైనవి. 2001 ప్రాంతమున పుట్టిన రెండువేల మందిని, 1994 ప్రాంతమున పుట్టిన వేయిమందిని ఎన్నుకొని, నాటినుండి వారి వెంటనే నడచుచున్నారు. ఈ పరిశోధన సాగిన ఏడు జిల్లాలలో మహబూబునగరు ఒకటి. వర్జీనియా మారో, వెన్నం ఉమ అను విదుషీమణులు ఇక్కడి సీడ్ పత్తి పల్లెలోని బాలబాలికలతో మాటలాడి వ్రాసిన వ్యాసములో ఆ యూరికి 'పూంపుహార్' అని మారుపేరు పెట్టిరి. పిల్లల గుర్తు బయటపడరాదని చేసిన ఏర్పాటిది. పాలమూరు పల్లెకు కావేరీతీరపు పేరేమిటని నవ్వు వచ్చినను, ఆ నవ్వు వెనుకనే ఈ వృత్తికి ప్రాణమైన నియమము ఉన్నది: చెప్పినవానికి చెప్పినందువలన కీడు కలుగరాదు.

ధర్మసంస్థ ఒకచోటను విశ్వవిద్యాలయము మరొకచోటను ఉండనక్కరలేదనుటకు శాంతా సిన్హాగారి జీవితము సాక్ష్యము. హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రాచార్యురాలైన ఆమె, తమ తాతగారును చరిత్రపండితులునైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో ఏర్పడిన ఫౌండేషనును ముందుకు నడిపిరి. పరిశోధనకై పుట్టిన ఆ సంస్థ, తొంబదుల దశకారంభమునుండి పనిలోని పిల్లలను బడికి మరల్చు ఉద్యమముగా మారినది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము వచ్చినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు తొలి అధ్యక్షురాలైరి. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యను ఆ సంస్థ వాదముతో ఏకీభవింపని పరిశోధకులు కలరు. పైన చెప్పిన వ్యాసమే, పనిని చదువును కలుపుకొని సాగు పిల్లల మాటను వినుమని హెచ్చరించును. నా దృష్టిలో ఆ భేదము మంచిదే. భాగస్వాములు ఒకరికొకరు తాళము వేయుటకే కూడినచో దానికి పరిశోధన అను పేరెందుకు?

ఇక ఇట్టి భాగస్వామ్యములు ఎక్కడ చెడునో చెప్పెదను. ప్రశ్న ఎవరిదో తేలకుండ పని ప్రారంభించుటయే మొదటి చేటు. విశ్వవిద్యాలయము తన ప్రశ్నను పూర్తిగా తయారుచేసికొని, చివరకు మనుష్యులను సమకూర్చుటకు మాత్రము స్వచ్ఛంద సంస్థను పిలుచుట మన దేశమున సర్వసాధారణము. అది భాగస్వామ్యము కాదు, కూలికి పిలుచుట. నెదర్లాండ్సు దేశమున 1970ల దశకమున విశ్వవిద్యాలయములు 'విజ్ఞాన విపణులు' తెరచి, ఊరిసంఘము తన ప్రశ్నను తెచ్చినచో విద్యార్థులచే పరిశోధింపజేసి జవాబునిచ్చు పద్ధతిని పెట్టినవి. మన దేశమున 2014లో ప్రారంభమైన ఉన్నత భారత్ అభియాన్ క్రింద విద్యాసంస్థలు కనీసము అయిదు గ్రామములను దత్తత తీసికొనవలెను. తలంపు మంచిదే, దత్తత ఛాయాచిత్రములతో ఆగిపోకుండుట ఆయా అధ్యాపకుల మీదను, అడుగనేర్చిన విద్యార్థుల మీదను ఆధారపడియున్నది.

రెండవ చేటు ధనము. 2020లో విదేశీ విరాళముల చట్టమునకు జరిగిన సవరణ ప్రకారము, విదేశీ ధనము పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు బదలాయింపరాదు. పరిపాలనవ్యయము నూటికి ఇరువది మించరాదు. కావున హైదరాబాదులోని పెద్దసంస్థ గద్వాలలోని చిన్నసంస్థకు ఆ ధనమునుండి వాటా పంచు పాతపద్ధతి ఆగిపోయినది. కంపెనీల చట్టము 2013లోని 135వ విభాగము క్రింద పెద్దకంపెనీలు సగటు లాభమున నూటికి రెండు సామాజిక బాధ్యతకు వెచ్చింపవలెను. 2019 నుండి ఆ ధనము ప్రభుత్వ విశ్వవిద్యాలయముల పరిశోధనకును పోవచ్చును. ఈ చట్టములు తెలిసి, ఎవరి ఖాతాకు ఏ ధనము రాదగునో ముందే చెప్పగల యువకునికి ఏ సంస్థలోనైనను పీట వేయుదురు. వ్రాతలోనికి రావలసినవి మరి మూడు: సేకరించిన సమాచారము ఎవరి వద్ద ఉండును, వ్యాసముపై ఎవరి పేర్లుండును, ఫలితము తెలుగులో ఊరికి ఎప్పుడు అందును. సంకోచముచేత వీనిని మొదట అడుగనివారు చివర పోట్లాడుదురు.

మీకు దగ్గరనున్న ద్వారములను చూడుడు. 2008లో వెలసిన పాలమూరు విశ్వవిద్యాలయమునకు గద్వాలలోను వనపర్తిలోను స్నాతకోత్తర కేంద్రములు కలవు. సుబ్బయ్యగా ప్రసిద్ధులైన తోటపల్లి సుబ్రహ్మణ్య శర్మగారి కృషిచే విద్యాగ్రామమైన పాలెములో వ్యవసాయ కళాశాలయు, ఆముదము పంటలో క్రాంతి, హరిత వంటి రకములనిచ్చిన ప్రాంతీయ పరిశోధనస్థానమును కలవు. వనపర్తి జిల్లాలో మోజెర్లయందు ఉద్యానకళాశాల, పెబ్బేరునందు మత్స్యకళాశాల కలవు. ఈ కళాశాలల విద్యార్థి చివరి సంవత్సరమున ప్రాజెక్టు వ్రాయక తప్పదు. ఆ ప్రాజెక్టును పాతవ్రాతలనుండి అతుకక, ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీకో, మత్స్యకారుల సహకారసంఘమునకో, చేనేతసంఘమునకో నిజముగా కావలసిన ప్రశ్నపై చేసినచో, అదియే మీ తొలి భాగస్వామ్యము. గద్వాల చీరనే తీసికొనుడు: నూలుమేనికి పట్టు అంచును మగ్గముపైననే కుట్టుపద్ధతిలో కలుపుటకు రెండు అంచులకును నడుమ భాగమునకును వేర్వేరు నాడెలు ఆడవలెను, అట్టి చీరపై పోయిన దినములకును చేతికి వచ్చిన కూలికిని గల నిష్పత్తి ఏమి, అందులో ఎంత భాగము ఇంటి ఆడువారి లెక్కకు రాని శ్రమ? కామర్స్ విద్యార్థి ఒక సీజనులో తేల్చదగిన ప్రశ్న ఇది. సంఘము ధర మాటలాడునప్పుడు అక్కరకు వచ్చునది.

విద్యార్హత మాటకు వచ్చినచో, డిగ్రీతో ఫీల్డ్ ఇన్వెస్టిగేటరుగా చేరవచ్చును. ఎంఎస్‌డబ్ల్యూ గాని, ఆర్థిక, సామాజిక, గణాంకశాస్త్రములలో ఎంఏ గాని, ప్రజారోగ్యమున పట్టము గాని ఉన్నచో రీసెర్చ్ అసోసియేట్, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ పదవులకు దారి ఏర్పడును. హైదరాబాదులోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, హైదరాబాదు విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము గమనింపదగినవి. ఎక్సెల్ పట్టికలను తడబడక నడుపుట, సెల్‌ఫోనులో కోబో వంటి ఉపకరణముతో ప్రశ్నావళిని కట్టుట, ఆంగ్లవ్యాసమును చదివి అర్థము గ్రహించుట నేర్చుకొనవలసినవి. మీకిదివరకే ఉండి మీరు లెక్కలో వేయనిది భాష. నడిగడ్డలో కన్నడము, పట్టణములలో ఉర్దూ, తండాలలో లంబాడీ, వీనిలో ఒకటి మాటలాడువానిని వెదకికొని పోవుదురు. తెలుగువ్రాతను అలక్ష్యము చేయకుడు. ఈ సీమకే చెందిన ఇటికాలపాడు వాస్తవ్యులు సురవరం ప్రతాపరెడ్డిగారు సామాన్యుల తిండిని, బట్టను, ఆటను విషయముగా గొని 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించినది ఏ విశ్వవిద్యాలయపు ప్రాజెక్టు క్రిందను కాదు.

దాచనేల, ఈ ఉద్యోగములలో పెక్కు కాంట్రాక్టుపై నడచునవి. ప్రాజెక్టు తీరగానే జీతము తీరును. ఇంటిలో ఒక్కరి సంపాదనపై నలుగురు ఆధారపడినవారు దీనిని పోటీపరీక్షలతో పాటు చేపట్టుట మేలు. మొదటి రెండు మూడేండ్లలో రెండు పరిశోధనలు పూర్తి చేసి, కనీసమొక నివేదికలో తన పేరు అచ్చయినవానికి తరువాతి పని దొరకుట అంత కష్టము కాదు.

అమ్రాబాదు అడవిలోనికి పోదలచువారు మరి రెండు సంగతులు తెలిసికొనవలెను. పులుల అభయారణ్యమున పరిశోధనకు అటవీశాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. చెంచులకు తెలిసిన మూలికల సంగతి వ్రాసికొనునప్పుడు 2002 నాటి జీవవైవిధ్య చట్టము వర్తించును, ఆ జ్ఞానమునుండి కలుగు లాభములో వారికి పాలు కలదు. ఎక్కడ పనిచేసినను అంగీకారపత్రమును వినువాని తెలుగులో చదివి వినిపించి, చదువురానివాడైనచో తటస్థుడైన సాక్షి ఎదుట వ్రేలిముద్ర గొని, ఒక ప్రతి అతని యింటనే ఉంచవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల అనుమతియు, ఆ బిడ్డ యిష్టమును రెండును కావలెను. వ్రేలిముద్ర వేయుటకు వృద్ధుడు సందేహించినచో తొందరపెట్టకుడు. వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్న కుటుంబములు ఈ ప్రాంతమున కలవు, ఆ సందేహము తెలివితక్కువ కాదు.

ప్రారంభింపదలచినవాడు ఒక పుట ఉత్తరము వ్రాయవలెను. అందు తన చదువు నాలుగు పంక్తులు మించరాదు. తక్కిన పుటయంతయు ఆ సంస్థ చేయు పనిలో తనకు కనబడిన ఒక ప్రశ్న, దానికి ఎన్ని ఇండ్లు తిరుగవలెను, ఎన్ని వారములు పట్టును, చివర సంస్థ చేతికి ఏమి వచ్చును అనునవే ఉండవలెను. ఉత్తరము వేసవిలో పోవలెను. ఉగాది దాటినంతనే కళాశాలలలో వచ్చు యేటి ప్రాజెక్టుల మాట కదలును, సంస్థలు క్రొత్త ఆర్థిక సంవత్సరపు లెక్క వేసికొనుచుండును, వలసపోయినవారిలో పెక్కురు వాననాటికి ఇల్లు చేరుదురు. సీడ్ పత్తి పూత మీద నున్నప్పుడు మాత్రము నడిగడ్డలో ఎవరిని అడుగబోయినను, ప్రొద్దున ఒక్కరును ఇంటిలో దొరకరు.